గోల్ఫ్ స్వింగ్‌కు సరైన భంగిమ: వంగవలసింది నడుము కాదు, తుంటి

మీ ప్రశ్నలో మూడు ఇబ్బందులు ఉన్నాయి. ఐరన్‌తో (లోహపు పలక తల ఉన్న క్లబ్‌తో; క్లబ్ అంటే బంతిని కొట్టే కర్ర) కొట్టినప్పుడు క్లబ్ ఒకసారి బంతి పైభాగానికి, మరోసారి బంతి వెనకాల నేలకు తగులుతోందన్నది మొదటిది. డ్రైవర్‌తో, అంటే బంతిని చాలా దూరం పంపే పొడవాటి క్లబ్‌తో కొట్టిన బంతి కుడివైపుకు వంపు తిరిగి పోతోందన్నది రెండోది. గంటసేపు సాధన చేసేసరికి నడుము కింది భాగం పట్టేస్తోందన్నది మూడోది. వీపు నిటారుగా ఉంచాలి, మోకాళ్లు వంచాలి, తల కిందికి దించి ఉంచాలి అని అందరూ చెప్పే సూచనలన్నీ పాటిస్తున్నానని, అయినా మార్పు రాలేదని రాశారు. ఈ మూడింటికీ మూలం చాలావరకు ఒక్కచోటే ఉందని, అది స్వింగ్‌లో కాక, స్వింగ్ మొదలుకాకముందు మీరు బంతి దగ్గర నిలబడే తీరులో ఉందని నా అభిప్రాయం. చాలాకాలంగా ఈ ఆట నేర్పుతున్న అనుభవంతో చెబుతున్నాను: నేను ఎక్కువగా చూసే లోపం ఇదే, ఓపిక ఉంటే అన్నింటికంటే త్వరగా సరిదిద్దుకోగలిగినదీ ఇదే. కుడిచేతి వాటం ఆటగాడిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను; ఎడమచేతి వాటంవారు కుడి ఎడమలను మార్చుకుని చదువుకోవాలి.

భంగిమకు ఇంత ప్రాధాన్యం ఎందుకో ముందు చెప్పాలి, ఎందుకంటే కారణం తెలియకుండా పాటించే సూచన ఎక్కువ రోజులు నిలవదు. క్లబ్ వెనక్కి కదలడం మొదలైనప్పటి నుంచి బంతిని తాకేవరకు సాధారణంగా ఒక సెకను, దానికి కాస్త అటూఇటూ పడుతుంది. అందులో క్లబ్ పైనుంచి కిందికి వచ్చే డౌన్‌స్వింగ్‌కు పట్టేది సుమారు పావు సెకను మాత్రమే. అంత తక్కువ వ్యవధిలో ఏ తప్పునూ మనం గుర్తించి సరిదిద్దుకోలేం. నియమాల ప్రకారం గోల్ఫ్ బంతి వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, అంటే నేలమీద ఉన్న బంతి మధ్యభాగం రెండు సెంటీమీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంటుంది. మొదట నిలబడిన ఎత్తుకంటే మీ ఛాతీ ఆ రెండు సెంటీమీటర్లు పైకి లేచిందంటే క్లబ్ అడుగు అంచు బంతి నడిమికి తగిలి, బంతి నేలబారుగా దూసుకుపోతుంది. అంతే మేరకు కుంగితే క్లబ్ బంతికి చేరకముందే నేలను తవ్వుతుంది. ఈ రెండు రకాల దెబ్బలూ ఒకే రోజు పడుతున్నాయంటే మీ ఎత్తు నిలకడగా లేదన్నమాట. తూకం తప్పిన భంగిమలో నిలబడితే, శరీరం పడిపోకుండా ఉండటానికి స్వింగ్ మధ్యలో తనంతట తానే సర్దుకుంటుంది, ఆ సర్దుబాటు ఏ రెండుసార్లూ ఒకేలా ఉండదు.

ఇక అసలు విషయానికి వస్తాను. బంతిని అందుకోవడానికి మనం ముందుకు వంగక తప్పదు. ఏడో నంబరు ఐరన్ పట్టుకున్నప్పుడు చాలామంది మంచి ఆటగాళ్ల పైశరీరం నిలువు నుంచి సుమారు 35 నుంచి 40 డిగ్రీలు ముందుకు వాలి ఉంటుంది. ఆ వాలు శరీరంలో ఏ చోటి నుంచి వచ్చిందన్నదే మంచి భంగిమకూ చెడ్డ భంగిమకూ తేడా. తొడ ఎముక పైకొస కటి ఎముకలో అమరే చోట తుంటి కీలు ఉంటుంది. తొడ పైకెత్తినప్పుడు తొడకూ పొత్తికడుపుకూ మధ్య పడే మడత దగ్గర వేళ్లతో నొక్కితే ఆ చోటు మీకు తెలుస్తుంది. వంగడమంతా అక్కడ జరగాలి. తలుపు బందుల దగ్గర మాత్రమే తిరిగి, పలక మాత్రం వంగకుండా ఉన్నట్లు, పైశరీరమంతా ఒక్కటిగా తుంటి కీళ్ల మీద ముందుకు వాలాలి, కటి భాగం కూడా దానితోపాటే వాలాలి. కానీ చాలామంది బెల్టు పైన, అంటే నడుము దగ్గర వంగుతారు. అప్పుడు కటి ఎముక నిలువుగానే ఉండిపోతుంది, వీపు మాత్రం గూనిగా వంగుతుంది.

ఇందులో తప్పేమిటని అడగవచ్చు. చేతులు బంతిని అందుకుంటున్నాయి కదా అనిపించవచ్చు. అందుకోవడంలో ఇబ్బంది లేదు, తిరగడంలో ఉంది. కింది నడుములోని ఐదు వెన్నుపూసలు ముందుకూ వెనక్కీ బాగా వంగగలవు గాని, అన్నీ కలిపినా పది పదిహేను డిగ్రీలకు మించి పక్కకు తిరగలేవు. స్వింగ్‌లో మనకు కావలసిన తిరుగుడంతా వాటికి పైనున్న ఛాతీ భాగపు వెన్ను నుంచి, కిందనున్న తుంటి కీళ్ల నుంచి రావాలి. గూనిగా వంగిన వీపులో ఛాతీ భాగపు వెన్నుపూసలు బిగిసిపోతాయి. ఇది మీరే పరీక్షించి చూసుకోండి. కుర్చీలో కావాలని వీపు కుంగదీసి కూర్చుని, చేతులు ఛాతీ మీద కట్టుకుని ఎంతవరకు పక్కకు తిరగగలరో చూడండి. తర్వాత వెన్నును పొడవుగా సాగదీసి కూర్చుని మళ్లీ తిరగండి. రెండోసారి భుజాలు ఎంత ఎక్కువ తిరిగాయో మీకే తెలుస్తుంది. మొదటి స్థితిలో పూర్తి బ్యాక్‌స్వింగ్ (క్లబ్‌ను వెనక్కి, పైకి తీసుకెళ్లే కదలిక) చేయాలని ప్రయత్నించే ఆటగాడు లేని తిరుగుడును మరోచోటి నుంచి తెచ్చుకుంటాడు: చేతులు పైకెత్తుతాడు, లేదా వీపు నిటారుగా లేపుతాడు, లేదా పూర్తిగా తిరగని నడుమును బలవంతంగా తిప్పుతాడు. మీ నడుము నొప్పికి బీజం ఇక్కడే పడుతోందని అనుకుంటున్నాను.

"వీపు నిటారుగా ఉంచండి" అన్న సూచన ఈ గూనిని సరిచేయడానికే పుట్టింది. అయితే దాన్ని అతిగా పాటించేవారికి ఇంకో తప్పు అంటుకుంటుంది. ఛాతీ ముందుకు పొంగించి, పిరుదులు బలంగా వెనక్కి తోసి, కింది నడుమును లోపలికి వంచి నిలబడతారు. చూడటానికి చక్కగా, సైనికుడి నిలుపులా కనిపిస్తుంది కాబట్టి దీన్ని తప్పుగా ఎవరూ గుర్తించరు. టైటిలిస్ట్ పెర్ఫార్మెన్స్ ఇన్‌స్టిట్యూట్ అనే గోల్ఫ్ శిక్షణ సంస్థ వారి పాఠాల్లో గూని వంపును 'సి' భంగిమ అని, లోపలి వంపును 'ఎస్' భంగిమ అని అంటారు. శిక్షకుల్లో ఇప్పుడు ఈ రెండు పేర్లూ బాగా వాడుకలో ఉన్నాయి. రెండింటిలో 'ఎస్' భంగిమ నడుముకు ఎక్కువ కష్టం కలిగిస్తుందని నా గమనిక. లోపలికి వంగిన నడుమును పొత్తికడుపు కండరాలు, పిరుదుల కండరాలు సరిగా పట్టి ఉంచలేవు. భారమంతా కింది వెన్నుపూసల కీళ్ల మీద పడుతుంది. మీరు అన్ని సూచనలూ శ్రద్ధగా పాటిస్తున్నానని రాశారు కాబట్టి మీది గూని కాకపోవచ్చు, ఈ అతి నిటారుతనమే అయి ఉండవచ్చు. వెన్నుకు సహజంగా ఉండే చిన్న వంపు అలాగే ఉండాలి. దాన్ని పెంచకూడదు, చదును చేయకూడదు. పొత్తికడుపును కొద్దిగా, ఎవరైనా తాకబోతే బిగించినంత మాత్రమే బిగించి ఉంచితే ఆ వంపు దానంతట అదే సరైన చోట నిలుస్తుంది.

ఇప్పుడు నిలబడే క్రమం చెబుతాను. క్రమం అని ఎందుకు అంటున్నానంటే, ఇవే పనులను వేరే వరుసలో చేస్తే ఫలితం వేరుగా వస్తుంది. మొదట బంతి లేకుండా, అద్దానికి పక్కగా నిలబడి సాధన చేయండి. పాదాలను భుజాల వెడల్పున ఉంచి, మోకాళ్లు బిగించకుండా నిటారుగా నిలబడండి. ఒక క్లబ్‌ను వీపు వెనుక నిలువుగా పట్టుకోండి. అది తల వెనుక భాగానికి, భుజాల మధ్య వీపుకు, వెన్ను అడుగున ఉన్న త్రికాస్థికి, ఇలా మూడుచోట్ల తగలాలి. ఇప్పుడు ఆ మూడు స్పర్శల్లో ఏదీ తప్పిపోకుండా పిరుదులను వెనక్కి జరుపుతూ పైశరీరాన్ని ముందుకు వాల్చండి. తల దగ్గర స్పర్శ తప్పితే మెడ వంచుతున్నారని, అడుగున తప్పితే నడుము దగ్గర గూని వస్తోందని, నడుముకూ క్లబ్‌కూ మధ్య సందులోకి అరచేయి ధారాళంగా దూరిపోతుంటే నడుమును లోపలికి వంచేస్తున్నారని తెలుసుకోవచ్చు. తొడ వెనుక కండరాలు కొద్దిగా సాగుతున్నట్లు అనిపించినప్పుడు ఆగండి. ఆ సాగుదల అనిపించనంతవరకు మీరు తుంటి దగ్గర వంగలేదు.

మోకాళ్లు వంచే సంగతి ఇంతవరకు రాలేదని గమనించే ఉంటారు. అవి చివర రావాలి. పైశరీరం వాలిన తర్వాత, కాళ్లలోని బిగువు పోయేంత మాత్రం మోకాళ్లు వదులు చేయాలి. అది సుమారు 20 డిగ్రీల వంపు, పక్కనుంచి చూస్తే మోకాలి చిప్ప బూటు లేసుల పైకి వచ్చినంత. మొదటే మోకాళ్లు వంచేవారు సగం కూర్చున్న స్థితిలోకి వెళ్లిపోతారు. అప్పుడు కటి ఎముక లోపలికి ముడుచుకుంటుంది, బరువు మడమల మీదికి పోతుంది, పైశరీరం వాలడానికి చోటే ఉండదు. ఎత్తైన స్టూలు మీద కూర్చోబోతున్నట్లు నిలబడమని చెప్పే సూచన చాలామందికి మేలుకంటే కీడే ఎక్కువ చేసిందని నా నమ్మకం, ఎందుకంటే వినేవారు కూర్చోవడాన్ని పట్టుకుని వాలడాన్ని వదిలేస్తారు. అలా కూర్చున్న ఆటగాడు బంతిని కొట్టే వేళకు కాళ్లు చాపక తప్పదు. చాపిన వెంటనే అతని ఎత్తు పెరుగుతుంది, క్లబ్ బంతి పైభాగానికి తగులుతుంది.

తుంటి వెనక్కి, ఛాతీ ముందుకు వెళ్లినప్పుడు రెండింటి మధ్య బరువు సమంగా పంచుకోబడి పాదం మధ్యభాగం మీద, ఇంకా చెప్పాలంటే లేసుల కింద నిలుస్తుంది. ఈ తూకమే భంగిమకు గీటురాయి. మిగతా కొలతలన్నీ మనిషిని బట్టి కొద్దిగా మారతాయి గాని ఇది మారదు. పరీక్ష తేలిక: నిలబడిన స్థితి నుంచి శరీరాన్ని ముందుకూ వెనక్కీ ఊపకుండా మడమలను కాస్త ఎత్తగలగాలి, అలాగే కాలివేళ్లను కూడా ఎత్తగలగాలి. ఒకటి తేలికగా, రెండోది కష్టంగా ఉంటే బరువు ఎటు పోయిందో తెలిసిపోతుంది. బరువు వేళ్ల మీద ఉంటే డౌన్‌స్వింగ్‌లో శరీరం బంతివైపు తూలుతుంది, మడమల మీద ఉంటే క్లబ్ వేగానికి ముందుకు లాక్కుపోతుంది. రెండు సందర్భాల్లోనూ క్లబ్ తల మొదట ఉన్నచోటికి తిరిగి రాదు.

చేతుల విషయం తక్కువ మాటల్లో ముగించవచ్చు, ఎందుకంటే పైదంతా సరిగా ఉంటే చేతులు తమ చోటు తామే వెతుక్కుంటాయి. వాలిన పైశరీరం నుంచి రెండు చేతులూ భుజాల కిందికి వదులుగా వేలాడాలి. అవి ఎక్కడ వేలాడితే అక్కడ క్లబ్‌ను పట్టుకోవాలి, క్లబ్ తల ఎక్కడ ఆనితే అక్కడ బంతి ఉండాలి. బంతి ఉన్నచోటికి చేతులు చాచడం తలకిందుల పద్ధతి. సరిచూసుకోవడానికి, బంతి దగ్గర నిలబడ్డాక కుడిచేతిని గ్రిప్ (క్లబ్ పిడి) నుంచి వదిలి పూర్తిగా సడలించండి. అది తిరిగి గ్రిప్ పక్కనే వేలాడితే మీ దూరం సరిగ్గా ఉంది. శరీరం వైపు వచ్చేస్తే బంతికి దూరంగా, గ్రిప్‌ను దాటి బయటికి పోతే బంతికి మరీ దగ్గరగా నిలబడ్డారు. ఐరన్‌తో గ్రిప్ చివరకూ తొడకూ మధ్య సుమారు ఒక అరచేయి వెడల్పు ఉంటుంది, డ్రైవర్‌తో ఇంకొంచెం ఎక్కువ ఉంటుంది.

తల గురించి మీకు ఇచ్చిన సలహాను మాత్రం పూర్తిగా వదిలేయమని కోరుతున్నాను. తల కిందికి దించి ఉంచాలని ప్రయత్నించేవారు గడ్డాన్ని ఛాతీకి ఆనించుకుంటారు. అప్పుడు బ్యాక్‌స్వింగ్‌లో ఎడమ భుజం గడ్డం కిందుగా పోవడానికి దారి ఉండదు; భుజం గడ్డాన్ని తోస్తుంది, తలతోపాటు శరీరమంతా పైకి లేస్తుంది. అంటే తల లేవకూడదని చేసిన పనే తలను లేపుతుంది. మెడ వీపు గీతకు కొనసాగింపుగా ఉండాలి, చూపు మాత్రమే కిందికి దిగాలి. రెండు రకాల చూపుకు ఒకే అద్దం ఉన్న కళ్లజోడు పెట్టుకునేవారు ఇక్కడ ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి: అద్దం కింది భాగంలోంచి బంతి మసకగా కనిపించి, పై భాగంలోంచి చూడటానికి తెలియకుండానే గడ్డం దించేస్తారు. ఆటకోసం దూరపు చూపు మాత్రమే ఉన్న జోడు వాడితే ఆ అవసరం పోతుంది. గోల్ఫ్‌లో అతి పెద్ద పోటీలైన మేజర్ టోర్నమెంట్లను పద్దెనిమిది గెలిచిన జాక్ నిక్లాస్ తల నిలకడకు పెట్టింది పేరు. ఆయన క్లబ్ కదిపేముందు గడ్డాన్ని కొద్దిగా కుడివైపు తిప్పేవాడు. భుజానికి దారి ఇవ్వడానికి అది చాలా మంచి అలవాటు, మెడ తేలికగా తిరగనివారికి మరీ మంచిది.

డ్రైవర్‌తో బంతి కుడికి వంపు తిరగడానికి కారణాలు అనేకం ఉన్నా, భంగిమ వల్ల వచ్చేది ఒకటి మీలో ఉందేమో ముందు చూసుకోండి. గ్రిప్ మీద కుడిచేయి ఎడమచేతికంటే కింద ఉంటుంది, పైగా డ్రైవర్‌తో బంతి ఎడమ మడమ లోపలి అంచుకు ఎదురుగా ఉంటుంది. అంత ఎడమగా ఉన్న బంతి దగ్గరికి, అంత కిందికి కుడిచేతిని చేర్చడానికి చాలామంది కుడి భుజాన్ని ముందుకు తెస్తారు. దానితో పాదాలు లక్ష్యానికి సమాంతరంగా ఉన్నా భుజాల గీత మాత్రం లక్ష్యానికి ఎడమగా తిరిగిపోతుంది. క్లబ్ ఎక్కువగా భుజాల గీతనే అనుసరిస్తుంది కాబట్టి బయటనుంచి లోపలికి కోస్తూ వచ్చి బంతికి కుడివైపు తిరిగే భ్రమణాన్ని ఇస్తుంది. కుడి భుజం ముందుకు కాకుండా కిందికి రావాలి. కటి భాగాన్ని లక్ష్యం వైపు ఒకట్రెండు అంగుళాలు జరిపి, వెన్ను పైభాగం లక్ష్యానికి దూరంగా కొద్దిగా ఒరిగేలా చేస్తే కుడి భుజం దానంతట అదే దిగుతుంది. ఎదురుగా ఉన్న అద్దంలో చూస్తే చొక్కా గుండీల వరుస లక్ష్యానికి దూరంగా స్వల్పంగా ఒరిగి కనిపించాలి. వాలు ఎంతో కొలవనక్కరలేదు. కుడిచేతిని గ్రిప్ నుంచి వదిలి, అరచేతిని కుడి మోకాలి పక్కగా కిందికి జార్చి, ఆ ఒరుగును అలాగే ఉంచి మళ్లీ గ్రిప్ మీదికి తెచ్చుకుంటే చాలు.

క్లబ్ మారినప్పుడు భంగిమ ఎంత మారాలని కూడా మీరు అడిగారు. కావాలని ఏమీ మార్చకండి. డ్రైవర్ పొడవు సాధారణంగా 45 అంగుళాలకు కాస్త అటూఇటూ, ఏడో ఐరన్ సుమారు 37, ఇసుక గుంటల నుంచి కొట్టడానికి వాడే సాండ్ వెడ్జ్ సుమారు 35 అంగుళాలు ఉంటాయి. పొడవు తగ్గేకొద్దీ బంతి దగ్గరవుతుంది, తుంటి దగ్గర వాలు పెరుగుతుంది, పాదాల మధ్య దూరం తగ్గుతుంది. వెన్ను ఆకారం, మోకాళ్ల వదులు, పాదాల మీద తూకం మాత్రం ఏ క్లబ్‌తోనైనా ఒకటే. ఈ చిన్న మార్పు కూడా వద్దనుకున్నవాడు అమెరికా ఆటగాడు బ్రైసన్ డీషాంబో; తన ఐరన్లు, వెడ్జ్‌లన్నింటినీ ఒకే పొడవున చేయించుకుని, ఒకే భంగిమతో వాటన్నింటినీ ఆడుతూ 2020లో, మళ్లీ 2024లో యూఎస్ ఓపెన్ గెలిచాడు. అందరూ అలా చేయాలని నేను అనను. భంగిమ ప్రతిసారీ ఒకేలా రావడం ఎంత విలువైనదో గ్రహించడానికి ఆ ఉదాహరణ చాలు. బంతిని రంధ్రంలోకి దొర్లించడానికి వాడే పట్టర్ దారి వేరు: అక్కడ శరీరం తిరగనక్కరలేదు, కళ్లు బంతికి సరిగ్గా పైన లేదా కొంచెం లోపలికి ఉండాలి, అందుకోసం ఎక్కువ వంగినా నష్టం లేదు.

ఇంతవరకు చెప్పింది నిలబడటం గురించి. మీ అసలు సమస్య దాన్ని నిలుపుకోవడంలో ఉంది, ఇక్కడ కాస్త ఎక్కువ శ్రద్ధ పెట్టండి. ఔత్సాహిక ఆటగాళ్లలో చాలామంది డౌన్‌స్వింగ్‌లో పిరుదులను బంతివైపు తోసేస్తారు. కటి భాగం ముందుకు రాగానే చేతులు దిగడానికి చోటు ఉండదు, అందుకని ఛాతీ పైకి లేస్తుంది. క్లబ్ తల బంతికి అవతలివైపు పోతుంది. దాని ఫలితం ఒకసారి బంతి పైభాగానికి తగలడం, ఒకసారి షాఫ్ట్ (క్లబ్ కడ్డీ) మొదలుకు తగిలి బంతి అడ్డంగా కుడికి పోవడం, ఇంకోసారి చేతులు హడావిడిగా తిప్పి బంతిని ఎడమకు పంపడం. దీనికి మూలం సాధారణంగా నాలుగైదు చోట్లలో ఒకచోట ఉంటుంది: బరువు మొదటే వేళ్ల మీద ఉండటం, బంతికి మరీ దగ్గరగా నిలబడటం, మోకాళ్లు అతిగా వంచడం, తుంటి కీళ్లు లోపలికి తిరగలేకపోవడం, లేదా బలం చేతులతోనే తేవాలన్న తొందర.

దీనికి గోడ సాధనను మించినది నాకు తెలియదు. గోడకు వీపు పెట్టి, మడమలు గోడకు అరడుగు దూరంలో ఉండేలా నిలబడండి. తుంటి దగ్గర వంగుతూ పిరుదులు గోడను మెల్లగా తాకేవరకు వెనక్కి జరపండి. ఇదే మీ భంగిమ. చేతులు ఛాతీ మీద కట్టుకుని బ్యాక్‌స్వింగ్‌లా తిరగండి: కుడి పిరుదు గోడకు ఇంకా గట్టిగా ఆనాలి, ఎడమది కొద్దిగా విడిపోవాలి. తర్వాత లక్ష్యం వైపు తిరగండి: ఇప్పుడు ఎడమ పిరుదు గోడను వెతుక్కుంటూ వెనక్కి రావాలి. మధ్యలో ఒక క్షణం రెండూ గోడను తాకి ఉంటాయి, ఆ క్షణమే డౌన్‌స్వింగ్‌కు ఆయువుపట్టు. రెండూ ఒకేసారి గోడను వదిలాయంటే పైన చెప్పిన తప్పు జరిగిందని అర్థం. రోజుకు ఐదు నిమిషాలు, మెల్లగా, బంతి లేకుండా చేయండి. బంతి ముందుంటే మనసంతా దాన్ని కొట్టడం మీదికే పోతుంది, కొత్త కదలిక శరీరానికి అబ్బదు. అది అలవాటయ్యాక సగం స్వింగ్‌తో, చిన్న ఐరన్‌తో బంతులు కొట్టండి. బంతిని తాకేవరకు వాలు నిలిస్తే చాలు. ఆ తర్వాత శరీరం లక్ష్యం వైపు తిరుగుతూ సహజంగా పైకి లేవాలి, దాన్ని ఆపడం నడుముకు హాని.

అందరికీ ఒకే కొలత నప్పదు. పొడగరులు సహజంగా ఎక్కువ వాలాలి. పొట్టివారు తక్కువ వాలితే చాలు. తొడ వెనుక కండరాలు బిగుసుగా ఉన్నవారు మోకాళ్లను ఇంకొంచెం వదులు చేయాలి, లేకపోతే తుంటి వాలకముందే నడుము వంగిపోతుంది. తుంటి కీళ్లు సరిగా తిరగనివారు పాదాల కొనలను బయటికి తిప్పి నిలబడితే ఎంతో తేడా కనిపిస్తుంది. కుడి పాదం తిప్పితే వెనక్కి తిరగడం, ఎడమ పాదం తిప్పితే లక్ష్యం వైపు తిరగడం సులువవుతాయి. ఎన్ని చేసినా బంతిని అందుకోవడానికి కుంగవలసి వస్తోందంటే క్లబ్బులే మీకు పొట్టివై ఉండవచ్చు. మణికట్టు నుంచి నేలకు ఉన్న దూరం కొలిచి క్లబ్ పొడవును, షాఫ్ట్ నేలతో చేసే కోణాన్ని సరిచేయడం క్లబ్బులు అమర్చేవారికి మామూలు పని. కెనడాకు చెందిన మో నార్మన్ అనే ఆటగాడు పాదాలు బాగా ఎడంగా పెట్టి, చేతులు క్లబ్‌తో ఒకే గీతలో ఉండేలా చాచి ఆడేవాడు. అయినా బంతిని అంత నేరుగా కొట్టినవారు అరుదు. ఆయన పద్ధతి ఇక్కడ చెప్పినదానికి భిన్నమే. కానీ తన తూకాన్ని, తన వాలును చివరివరకు నిలుపుకోవడంలో ఆయనకు సాటి తక్కువ.

మైదానంలో నేల సమంగా ఉండదు కాబట్టి రెండు మాటలు. బంతి పాదాలకంటే ఎత్తులో ఉంటే తుంటి వాలు తగ్గించి, గ్రిప్‌ను కాస్త కిందికి పట్టుకోండి; పాదాలకంటే కింద ఉంటే పాదాలు ఎడం చేసి, వాలు పెంచి, దాన్ని చివరివరకు వదలకండి. ఎగువ, దిగువ వాలుల మీద భుజాల గీతను నేల వాలుకు సమాంతరంగా ఉంచాలి.

మీ భంగిమను వీడియో తీసుకునేటప్పుడు ఫోన్‌ను చేతుల ఎత్తులో, మీ చేతుల గీతకు సూటిగా వెనుక, పాదాల గీతకు సమాంతరంగా ఉంచండి. ఒక అడుగు పక్కకు జరిగినా, నేలమీద పెట్టినా చిత్రం మోసం చేస్తుంది. ఆగి ఉన్న స్థితిలో పిరుదుల వెనుక అంచుకు తెరమీద ఒక నిలువు గీత గీయండి, తలపైన ఇంకో గీత గీయండి. బంతిని తాకే క్షణంలో పిరుదులు ఇంకా మొదటి గీతను తాకుతున్నాయా అన్నదే మీరు చూడవలసింది. దిశ సరిచూసుకోవడానికి నేలమీద కర్రలు పెట్టుకోవడం సాధనలో మంచిదే, ఆటలో మాత్రం కుదరదు: పాదాలు సరిగా నిలపడానికి సాయంగా క్లబ్‌ను గాని మరే వస్తువును గాని నేలమీద ఉంచడాన్ని గోల్ఫ్ నియమావళిలోని 10.2బి నియమం నిషేధిస్తుంది, కొట్టేముందు దాన్ని తీసేసినా శిక్ష తప్పదు.

చివరగా మీ నడుము గురించి. భంగిమ మార్చిన మొదటి రోజుల్లో తొడలు, పిరుదులు అలసిపోతే సంతోషించండి. పని చేయవలసిన కండరాలు పని చేస్తున్నాయి. కింది నడుమే ఇంకా అలసిపోతుంటే వెన్ను సహజ వంపును ఇంకా పోగొడుతున్నారని భావించి, మళ్లీ వీపు మీద క్లబ్ పెట్టి మొదటినుంచి చూసుకోండి. బ్యాక్‌స్వింగ్ పైకి చేరినప్పుడు మీ పైశరీరం లక్ష్యం వైపు ఒరిగిపోతోందేమో కూడా వీడియోలో చూడండి, ఎందుకంటే ఆ స్థితి నుంచి కిందికి వచ్చేటప్పుడు నడుము ఒకేసారి వంగుతూ, తిరుగుతూ అతి వేగంగా దిశ మారుస్తుంది. నడుము నొప్పితో వచ్చే ఆటగాళ్లలో ఇది తరచూ కనిపిస్తుంది. గంటసేపు ఆపకుండా కొట్టడం కంటే పది బంతులకు ఒకసారి క్లబ్ పక్కన పెట్టి, నిటారుగా నిలబడి, నాలుగడుగులు నడిచి రావడం మేలు. నొప్పి కాలిలోకి పాకుతున్నా, పాదంలో తిమ్మిరి ఉన్నా, రాత్రి నిద్రలో లేపుతున్నా అది భంగిమతో తీరేది కాదు. క్లబ్ పట్టుకోకుండా ముందు వైద్యుడికి చూపించుకోండి.